చేదలోంచి జారిన చుక్క

"చేద అంటే ఏంది సార్?" గుత్తి దగ్గర మా పల్లె చర్చిలో సండే స్కూల్ చెప్తుంటే ఐదో తరగతి పాప అడిగింది. బైబిల్లో యెషయా ప్రవక్త గ్రంథం 40వ అధ్యాయం చదువుతున్నాం. జనములు చేదనుండి జారు బిందువులవంటివి అన్న మాట దగ్గర ఆగిపోయింది. తప్పు ఆ పిల్లది కాదు. మా ఊళ్లో బావులు ఎండిపోయి చాలా కాలమైంది. ఇప్పుడు నీళ్లంటే బోరు, ట్యాంకు, క్యాను. చేద అంటే బావిలో నీళ్లు తోడే బొక్కెన. చేంతాడు కట్టిన ఆ బొక్కెన గిలక మీద పైకొస్తుంటే అంచు నుంచి చుక్కలు జారి మళ్లీ బావిలోనే పడేవి. కడవ నీళ్ల కోసం కొట్లాడుకునే ఈ కరువు సీమలో కూడా ఆ చుక్కను లెక్కపెట్టినవాళ్లు లేరు. దేవుని ముందు రాజ్యాలు అంతే అంటాడు ప్రవక్త.

ఆ మాట ఎవరితో అన్నాడన్నదే నాకు ముఖ్యం. క్రీ.పూ. 586 ప్రాంతంలో బబులోను సామ్రాజ్యపు సైన్యం యూదుల యెరూషలేమును, అక్కడి దేవాలయాన్ని కాల్చేసి జనాన్ని చెరపట్టుకుపోయింది. ఓదార్పుతో మొదలయ్యే ఈ అధ్యాయం ఆ ఓడిపోయినవాళ్ల కోసం. దేవుడు గొప్పవాడని చెప్పింది చిన్నవాళ్లను ఇంకా చిన్నబుచ్చడానికి కాదు, వాళ్ల నెత్తినెక్కిన సామ్రాజ్యం ఏపాటిదో చూపించడానికి.

గుత్తి, జమ్మలమడుగు 19వ శతాబ్దంలో లండన్ మిషనరీ సొసైటీ కేంద్రాలు. అప్పట్లో ఇక్కడ ఈ వాక్యం విన్నవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్లు. ఊరి బావిలో తమ చేద వెయ్యనివ్వని మనుషులు. ఎవరో దయతలిచి పైనుంచి పోస్తే కడవ నింపుకోవాలి. ఊరి పెద్ద ఎదురైతే చెప్పులు చేతబట్టుకోవాలి. అలాంటివాళ్లు మోకాళ్లూని 'నువ్వే ప్రభువువి' అన్నారంటే, ఇంకెవరి ముందూ వంగేది లేదని కూడా అన్నట్టే. మా అవ్వ చర్చి గుమ్మం బయటే చెప్పులు విడిచేది, దేవుడు మాట్లాడిన మండుతున్న పొద దగ్గర మోషే విడిచినట్టు. ఊళ్లో విడిపించింది అవమానం, ఇక్కడ విడిచింది ఆరాధన. ఆ తేడా ఆమెకు బాగా తెలుసు.

భయభక్తులు అని మనం జంటగా అంటాం. ఈమధ్య భక్తి మిగిలి భయం పోతోందని నా బాధ. చర్చిల్లో సౌండ్ గురించి కాదు, గట్టిగా తాళాలు వాయించమని 150వ కీర్తనే చెప్పింది. నా టెన్షన్ అంతా ఫ్లెక్సీల గురించే. ఉజ్జియా రాజు చనిపోయిన ఏడాది యెషయా చూసిన దర్శనంలో సెరాపులనే దేవదూతలకు ఆరేసి రెక్కలు. రెంటితో ముఖం, రెంటితో కాళ్లు కప్పుకుని, మిగిలిన రెంటితో ఎగిరారు. దేవుని సింహాసనం దగ్గరుండేవాళ్లే ముఖం కప్పుకుంటే, మన కూడికల ఫ్లెక్సీల మీద వాక్యం ఓ మూలన, ప్రసంగీకుడి ముఖం నిలువెత్తున. ఎవరి ముందూ వంగక్కర్లేదని నేర్చుకున్న పేటలో జనాన్ని మళ్లీ ఒక మనిషి కాళ్ల దగ్గర కూర్చోబెట్టడం నాకు మింగుడుపడదు.

మరుసటి ఆదివారం అటక మీది పాత బొక్కెన, చేంతాడు చర్చికి తీసుకెళ్లాను. తొట్టిలో ముంచి పైకెత్తాను. అంచున ఒక చుక్క ఆగి ఆగి జారింది. పాప వంగి చూసేసరికి, ఎండకు కాలుతున్న గచ్చు మీద అది ఆరిపోయింది.

"బబులోను ఇంతేనా సార్?" అంది.