హాలీవుడ్ కాలిబాట మీది నక్షత్రం గారికి

మహారాజశ్రీ హాలీవుడ్ బులెవార్డ్ నక్షత్రం గారికి, తెనాలి నుంచి నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమేనని, ఈ వారం నిన్నెవరూ సమ్మెటతో కొట్టలేదని తలుస్తాను.

"గారు" అని మొదలుపెట్టి "నువ్వు"లోకి దిగాడేమిటని అనుకోకు. కిందటి వేసవిలో మా అబ్బాయి దగ్గరికి వచ్చినప్పుడు నిన్ను చెప్పుకాళ్లతో తొక్కాను. తొక్కేసిన తర్వాత మీరు, తమరు అంటే వెటకారంలా ఉంటుంది.

నిజం చెప్పాలంటే మేం నీకోసం రాలేదు. 2023 మార్చిలో మన కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ అందుకున్న డాల్బీ థియేటర్‌ని బయటి నుంచైనా చూద్దామని వచ్చాం. కారు ఎక్కడో దూరంగా పెట్టి నడుస్తుంటే కాళ్ల కింద నువ్వు తగిలావు, వాక్ ఆఫ్ ఫేమ్ అనే కాలిబాటలో పేరున్న సినిమా, టీవీ, పాటల మనుషుల కోసం పొదిగిన నక్షత్రాల్లో ఒకదానివి. గులాబీ రంగు మొజాయిక్, చుట్టూ ఇత్తడి అంచు, ఇత్తడి అక్షరాలతో ఒక పేరు. ఆ పేరు మీద ఒక కోలా డబ్బా దొర్లుతోంది. పేరు కింద గుండ్రటి బిళ్లలో సినిమా కెమెరా బొమ్మ. మా ఇంటి వసారాలో మా నాన్న వేయించిన గచ్చు కూడా సరిగ్గా ఇదే సరుకు. పేర్లు లేవంతే.

మా ఆవిడ కాలు మొదటి అక్షరం మీద పడగానే ఉలిక్కిపడి వెనక్కి తీసుకుంది. వంగి ఆ పేరుని వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. పుస్తకం తొక్కినా, కాగితం తొక్కినా మాకదే అలవాటు. పక్కనే స్పైడర్‌మాన్ వేషం వేసుకుని ఫోటోకి డబ్బులడిగే అతను, ఇదేదో కొత్త వేషం అనుకున్నట్టున్నాడు, కాసేపు పని ఆపి చూశాడు. అక్కణ్ణించి ఆవిడ పేర్లు తప్పించుకుంటూ, అంచుల మీద, ఖాళీల మీద, చిన్నప్పటి తొక్కుడుబిళ్ల ఆటలా గెంతుకుంటూ నడిచింది. నీ దారి పొడవు రెండు కిలోమీటర్ల పైమాటే. పేర్లు 2,700 దాటాయి. మోకాళ్ల నొప్పులున్న మనిషి. "అమ్మా, తొక్కడానికే వేశారు" అని మా వాడు. "పేరు రాసింది తొక్కడానికా?" అని ఆవిడ. ఈ ఉత్తరం ఆ ప్రశ్న లోంచే పుట్టింది.

నీ పుట్టుపూర్వోత్తరాలు వెతికాను. మాకు సంబంధాలు చూసేటప్పుడు ఇది అలవాటే. నువ్వు కళాకారుల బిడ్డవేమో అనుకున్నాను. కాదట. నువ్వు వర్తక సంఘం బిడ్డవి. 1953లో హాలీవుడ్ చాంబర్ ఆఫ్ కామర్స్ అధ్యక్షుడు ఇ.ఎమ్. స్టూవర్ట్ గారికి, ఈ వీధికి మళ్లీ మెరుపు రావాలంటే ఏం చెయ్యాలా అన్న ఆలోచనలో నువ్వు తట్టావు. 1960లో పని మొదలైంది, 1961కల్లా 1,558 పేర్లు నేలకెక్కాయి. వీధిలో బేరాలు పెరగాలి, అందుకు జనం రావాలి, జనం రావాలంటే పేర్లుండాలి. కొట్టు ముందు ముగ్గు వేసినట్టు నిన్ను వేశారు. ముగ్గుని నేను తప్పుపట్టను. మహాలక్ష్మి వస్తుందనే కదా మేమూ వేసేది.

కానీ ముగ్గుకి మేం మహాలక్ష్మి దగ్గర ఫీజు తీసుకోం.

1980లో నీ ఖరీదు 2,500 డాలర్లు. 2023కి 75 వేల డాలర్లైంది. అమరావతిలో స్థలాల రేట్లు కూడా నీ ముందు కాస్త నెమ్మదే అనిపించింది. ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి, గౌరవం అందుకునే మనిషి "నాకు సమ్మతమే, కార్యక్రమానికి వస్తాను" అని సంతకం పెట్టాలి, కమిటీ సరే అనాలి, అప్పుడు డబ్బు కట్టాలి. కట్టేది మామూలుగా స్టూడియో, లేదా అభిమానులు. అందుకే చాలామందికి గౌరవం సరిగ్గా కొత్త సినిమా విడుదల వారంలోనే దక్కుతుంది. ఎంత యాదృచ్ఛికం!

దీన్ని చూసి ఆశ్చర్యపోయేవాణ్ణి కాను. నేను తెనాలివాణ్ణి. హాలు అద్దె, శాలువా, దండ, మెమెంటో, చివర్లో ఇడ్లీ సాంబారు, అన్నిటికీ తానే డబ్బిచ్చి, "ఎందుకండీ నాకివన్నీ" అంటూ సిగ్గుపడుతూ సన్మానం చేయించుకున్న మహానుభావుల సభల్లో ముందు వరస కుర్చీ నింపినవాణ్ణి. ఒక్క తేడా. మా శాలువా మర్నాడు మంచం మీద దుప్పటిగానైనా పనికొస్తుంది. నిన్ను ఇంటికి కూడా తీసుకుపోలేరు.

డబ్బు సంగతి వదిలేస్తాను, నీ గుమ్మం దగ్గరి లెక్క చూడు. 1960లో మొదటి వరసల్లోనే మూడు సినిమా కుక్కలకు చోటిచ్చావు. స్ట్రాంగ్‌హార్ట్, రిన్ టిన్ టిన్, లాసీ. మంచి కుక్కలే, నాకు అభ్యంతరం లేదు. అదే సమయంలో చార్లీ చాప్లిన్‌ని మాత్రం బయట నిలబెట్టావు. ఆయన రాజకీయాలు బాగాలేవు, నడవడి బాగాలేదు అన్నారు. ఆయన కొడుకు కోర్టుకెళ్లినా లాభం లేకపోయింది. ఆయన అమెరికా వదిలిన ఇరవై ఏళ్లకి, అదే అమెరికా ఆయన్ని గౌరవ ఆస్కార్‌కి పిలిచిన 1972లో గానీ నీకు జ్ఞానోదయం కాలేదు. నల్లజాతి కళాకారుడు పాల్ రోబ్సన్ పాటకి, నటనకి, మాటకి ప్రపంచం లేచి నిలబడింది. నువ్వు లేవలేదు. ఆయన 1976లో కన్నుమూశాక కూడా కాదు పొమ్మన్నావు. గోల పెద్దదయ్యాక 1979లో సర్దుకున్నావు. 1978లో మిక్కీ మౌస్‌కి యాభై ఏళ్లు నిండితే మటుకు ఆలస్యం లేకుండా అందించావు. ఎలుక రాజకీయాలు మాట్లాడదు కదా.

లోపలికి రానివ్వడానికి ఇంత వడపోత పెట్టినదానివి, బయటికి పంపే తలుపు మాత్రం కట్టించుకోలేదు. హాస్యనటుడు బిల్ కాస్బీ మీద లైంగిక దాడి ఆరోపణలు వచ్చినప్పుడు ఆ పేరు తీసేయమన్నారు జనం. "ఇవి చరిత్రలో భాగం, ఒకసారి వేస్తే తీయం" అన్నారు మీ వాళ్లు. చాప్లిన్‌ని ఆపినప్పుడు ఈ చరిత్ర ఎక్కడికి వెళ్లిందో! డొనాల్డ్ ట్రంప్‌కి 2007లో టీవీ విభాగంలో ఇచ్చారు. ఆయన తర్వాత టీవీ నుంచి ఎక్కడికి వెళ్లాడో నీకు చెప్పక్కర్లేదు. 2016లో ఒకాయన సమ్మెట తెచ్చి ఆ రాయిని పగలగొట్టాడు. 2018లో ఇంకొకాయన గిటార్ పెట్టెలో పికాసు దాచి తెచ్చి మరీ తవ్వాడు. అదే ఏడాది పక్కనున్న వెస్ట్ హాలీవుడ్ కౌన్సిల్, తన పరిధిలో లేని రాయిని తీసేయమని తీర్మానం చేసింది. పక్కింటి గచ్చు మార్చమని మా ఇంట్లో మేం తీర్మానం చేసుకున్నట్టు. మీ వాళ్లు మేస్త్రీని పిలిచి మళ్లీ వేయించారు.

ఇక నీ అక్షరాస్యత. మారిట్జ్ స్టిల్లర్ అనే స్వీడన్ దర్శకుడి పేరుని "మారిస్ డిల్లర్" అని వేసి 1988 దాకా, ఇరవై ఎనిమిదేళ్లు అలాగే ఉంచావట. 2010లో టీవీ నటి జూలియా లూయీ డ్రైఫస్ పేరులో ఒక అక్షరం మింగేశావు. ఇది చదివినప్పుడు నాకు నీ మీద మొదటిసారి ఆత్మీయత కలిగింది. మా రేషన్ కార్డులో నా వయసు మా నాన్న వయసు కన్నా ఎక్కువ ఉండేది.

పోనీ పేరు సరిగ్గా ఉన్నా మనిషి మారిపోతాడు నీ దగ్గర. హారిసన్ ఫోర్డ్‌లు ఇద్దరు, ఒకరు మూకీల కాలంవారు, ఇంకొకరు మనకు తెలిసినవారు. మైకేల్ జాక్సన్‌లూ ఇద్దరు. 2009 జూన్ 25న పాటల మైకేల్ పోయిన రోజు ఆయన నక్షత్రం మీద ఏదో సినిమా ప్రీమియర్ తివాచీ పరిచి ఉంది. అభిమానులు ఏడ్చుకుంటూ వచ్చి, అదే పేరున్న రేడియో వ్యాఖ్యాత నక్షత్రం మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించారు. ఆ రేడియో ఆయన అప్పటికి నిక్షేపంలా బతికే ఉన్నాడు. ఆయన పెద్ద మనసుతో సర్దుకుపోయాడు. మా ఊళ్లో ఇద్దరు సుబ్బారావులుంటే ఇంటిపేరు ముందు తగిలిస్తాం. ఇంటిపేరూ కలిస్తే "పెంకుటింటి సుబ్బారావు" అంటాం. అరవై ఏళ్లు దాటిన వ్యాపారానివి, ఈపాటి చిట్కా తట్టలేదా?

అన్నిటికంటే మెచ్చుకోవలసింది నీ ధైర్యాన్ని. హాలీవుడ్, వైన్ వీధులు కలిసే కూడలిలో నాలుగు మూలలా అపోలో 11 వాళ్ల బిళ్లలు చూశాను. చంద్రుడి మీద కాలు పెట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ పేర్ల మీద జనం కాలు పెట్టే ఏర్పాటు చేశావు. పాపం కాలు పెట్టకుండా పైనే చక్కర్లు కొట్టిన కాలిన్స్‌నీ వదల్లేదు. వాళ్లకి నక్షత్రం ఆకారం కాదు, గుండ్రటి చంద్రుడు. విభాగం? టెలివిజన్. అంత దూరం వెళ్లొచ్చినా నీ లెక్కలో అదొక సీరియల్.

మేమేదో ఉద్ధరించామని కాదు. మాది విగ్రహాల ఊరు. పేరున్నవాళ్లని నాలుగు రోడ్ల మధ్య ఎత్తుగా నిలబెడతాం, ఆ తర్వాత వాళ్ల సంగతి కాకులు చూసుకుంటాయి. గుళ్లో ఫ్యాను ఇస్తే మూడు రెక్కల మీదా పేరు రాయిస్తాం, తిరిగినంతసేపూ ఎవరికీ కనపడదు. తొక్కించుకోవడం కూడా మాకు కొత్త కాదు. తిరుమల గర్భాలయం గడపని కులశేఖర పడి అంటారు. స్వామి ముంగిట మెట్టుగా పడి ఉంటే చాలని కులశేఖర ఆళ్వారు పాడుకున్నాడు. ఆయన రాజు. పాత గుళ్ల గచ్చు మీద సాష్టాంగపడ్డ మనుషుల బొమ్మలు ఎన్నో ఉన్నాయి, వచ్చేపోయే భక్తుల పాదాలు తగలాలని. వాటిలో చాలావాటి మీద పేరు లేదు.

మా ఆవిడ గెంతుతూ గెంతుతూ చివరికి డాల్బీ థియేటర్ దగ్గర ఆయాసంతో ఆగి గోడకి చెయ్యి ఆనించింది. చూస్తే ఆ గోడ మీద నువ్వే. మహమ్మద్ అలీ పేరుతో. 2002లో నిన్ను ఇస్తామంటే ఆయన ఒక్క మాట అడిగాడట. నాది ప్రవక్త పేరు, దాన్ని ఎవరూ తొక్కకూడదు, అని. అన్ని పేర్లలోకీ ఆ ఒక్కటే నిలువుగా ఉంది. మా వాడు ఆ సంగతి చెప్పగానే ఆవిడ అక్కడే మెట్టు మీద కూలబడి, సంచీలోంచి మంచినీళ్లు తీసి తాగి, నా వైపు చూసింది. "చూశారా, అడిగితే గోడ మీద పెట్టేవాళ్లే. మిగతావాళ్లు అడగలేదు," అంది.

ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

ఇట్లు,
నీ మీద నడిచిన లక్షలమందిలో ఒకడు.

తా.క.: నీ మీద అంటుకున్న చూయింగ్ గమ్ నా కుడి చెప్పుతో పాటు తెనాలి దాకా వచ్చేసింది. కిరసనాయిలు పెట్టి గీకినా పోవడం లేదు. ఎవరి పేరు మీదిదో తెలియక ఆ చెప్పుని పారేయడానికి మా ఆవిడ ఒప్పుకోవడం లేదు.