సెంట్రల్ ఏసీ ఉంటే గాలి శుభ్రమేనా? ఆ ఫార్వర్డ్‌కి నా జవాబు

ఆఫీసు గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. సెంట్రల్ ఏసీ బయటి గాలిని లాగి ఫిల్టర్ చేసి ఇస్తుంది కాబట్టి అద్దాల బిల్డింగుల్లో గాలి ఎప్పుడూ శుభ్రమేనంట, ఇంకా డౌటుంటే డెస్క్ మీద నాలుగు మొక్కలు, మూలకో ప్యూరిఫయర్ పెట్టుకుంటే చాలంట.

ముందు బయటి గాలి సంగతి చూద్దాం. ఏసీ ఎక్కువగా చేసేది లోపలి గాలినే రిటర్న్ డక్టులోంచి లాగి, చల్లబరిచి మళ్ళీ మన నెత్తినే వదలడం. బయటి గాలి రావాలంటే ఏహెచ్‌యూకి (గాలిని చల్లబరిచి డక్టుల్లోకి తోసే పెద్ద యూనిట్) ఉండే ఫ్రెష్ ఎయిర్ డాంపర్, అంటే బయటి గాలి దారికుండే తలుపు, తెరిచుండాలి, కానీ హైదరాబాద్ మే నెల ఎండలో ఆ వేడిగాలి లోపలికొస్తే చిల్లర్ (ఏసీకి నీళ్ళు చల్లబరిచే యంత్రం) మీద లోడు, కరెంటు బిల్లు రెండూ పెరుగుతాయి కదా, అందుకని దాన్ని దాదాపు మూసేసి మర్చిపోయేవాళ్ళు ఉంటారు. అమెరికాలోనూ అంతే, 1973 ఆయిల్ సంక్షోభం తర్వాత పొదుపు పేరుతో ఆష్రే (అక్కడి ఏసీ ఇంజనీర్ల సంఘం) ప్రమాణంలో పొగతాగని చోట మనిషికి బయటి గాలి 1981లో 5 సీఎఫ్ఎంకి (నిమిషానికి 5 ఘనపు అడుగులకి) దించేశారు, తలనొప్పి, కళ్ళమంటలని ఉద్యోగులు గోల పెట్టాక 1989లో కనీసం 15 చేశారు.

బయట కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల్లో 420 వంతులు) పైచిలుకు ఉంటుంది. తలుపులేసిన మీటింగ్ రూంలో పదిమంది గంట కూర్చుంటే మనం వదిలే ఊపిరి పేరుకుని 1000 దాటడం పెద్ద విషయమేం కాదు, అంటే బయటి గాలి సరిపడా రావట్లేదని గుర్తు. నిద్రొచ్చేది ప్రతిసారీ పీపీటీ వల్లే అనుకోకండి (అదీ ఒక కారణమేలెండి).

మొక్కల కథ 1989 నాసా ప్రయోగంలోంచి వచ్చింది. అది చేసింది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో, ఆఫీసులో కాదు. 2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు పాత ప్రయోగాలన్నీ లెక్కేసి చూస్తే, మామూలు వెంటిలేషన్ చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకి 10 నుంచి 1000 దాకా కావాలని తేలింది. అంటే ఇక కుర్చీలెక్కడ వేసుకుంటాం?

ప్యూరిఫయర్ దుమ్ము పడుతుంది, మంచిదే. కార్బన్ డయాక్సైడ్ మాత్రం అందులోని హెపా (సన్న దుమ్ము పట్టే) ఫిల్టర్‌లోంచి దర్జాగా దాటిపోతుంది.

ఒక్క మాట ఒప్పుకుంటా, ఢిల్లీ నవంబర్ లాంటి పొగలో బయటి గాలి లోపలికంటే దారుణం. దానికి డాంపర్ మొత్తం మూసేస్తే ఎలా, ఆ దారిలో మెర్వ్ 13 (సన్న పొగ రేణువుల్ని కూడా పట్టే గ్రేడు) ఫిల్టర్ వేసి టైముకి మార్చాలి. మీ ఫెసిలిటీస్ వాళ్ళని డాంపర్ ఎంత తెరిచుందో, ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగండి. చెప్పకపోతే ఒక సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) మీటర్ కొని టేబుల్ మీద పెట్టండి, కాకపోతే ఎన్డీఐఆర్ (ఇన్ఫ్రారెడ్ కాంతితో కొలిచే) సెన్సర్ ఉన్నదే తీసుకోండి, మరీ చవకవి కొన్ని పక్కన శానిటైజర్ రాసుకున్నా రీడింగ్ ఎగరేస్తాయి.