కారవాన్‌కు రెండు వయసులు

హైదరాబాద్ ఆటోనగర్‌లో ఒక షెడ్డు వెనక, వేపచెట్టు కింద ఉందా కారవాన్, అంటే చక్రాల మీద ఇల్లు. ఇరవై ఎనిమిది అడుగుల పొడవు, నెత్తి మీద రెండు ఏసీలు, లోపల టేకు రంగు ప్యానెళ్లు, వెనక్కి వాలే కుర్చీలు, గోడంత టీవీ. 2018 మోడల్, సినిమా షూటింగులకు తిరిగిన బండి. మీటర్ మీద 61 వేల కిలోమీటర్లే ఉన్నాయి. "ఇన్నేండ్ల బండి, ఇంత తక్కువ తిరిగింది యాడ దొరుకుతది సార్" అన్నాడు అమ్మే మనిషి. నాతో వచ్చిన మెకానిక్ ఆ మాట వినపడనట్టే వెనక్కి వెళ్లి జనరేటర్ పెట్టె మూత తీశాడు. లోపల అగ్గిపెట్టెంత అవర్ మీటర్ ఉంది. ఏసీలకు కరెంటిచ్చే జనరేటర్ ఎన్ని గంటలు నడిచిందో చెప్పేది అదే. దాని మీద 9,400 గంటలు.

షూటింగు రోజున పది గంటలు ఏసీలు ఆడాయనుకున్నా అది 940 రోజుల పని. రోడ్డు ఇంజిన్ అన్ని గంటలు గంటకు నలభై చొప్పున నడిచి ఉంటే 3,76,000 కిలోమీటర్లు అయ్యేది. అంటే ముందున్న బండి ఇంకా పడుచుది, వెనకున్న ఇల్లు ముసలిది. కారవాన్ కొత్తది కొనాలా పాతది కొనాలా అన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోవడానికి కారణం ఇదే. మనం ఒక వయసు అడుగుతున్నాం, దానికేమో రెండున్నాయి.

అరవైకి దగ్గరపడ్డాక ఇంటింటా ఈ చర్చ ఎందుకు మొదలవుతుందో నాకు తెలియదు. మా ఇంట్లో మాత్రం మొదలుపెట్టింది డాలస్‌లో ఉన్న మా బావమరిది. "బావా, కొత్తది కొని బుద్ధి తక్కువ పని చేయకు, మూడేళ్లది చూసుకో" అని ఫోన్‌లో ఒకటే పోరు. అమెరికాలో ఆ సలహా నూటికి తొంభై పాళ్లు కరెక్టే. అక్కడ ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే దేశంలోని మోటర్‌హోమ్‌లలో, అంటే వాళ్ల కారవాన్‌లలో, అత్యధికం తయారవుతాయి. ఒకే మోడల్ వందల్లో బయటికొస్తుంది. పాతవాటికి ధరల పుస్తకాలున్నాయి. కొత్త బండి షోరూమ్ గేటు దాటగానే విలువ పడిపోతుంది, మొదటి ఏడాదంతా ఓనరు వారంటీ కాగితాలు పట్టుకుని వర్క్‌షాప్ చుట్టూ తిరుగుతాడు. లీకయ్యే పైపు, బయటికి జరిగి మళ్లీ లోపలికి రాని స్లయిడ్ గది, చార్జ్ కాని బ్యాటరీ, అన్నీ ఆయన ఖాతాలోనే సర్దుకుంటాయి. మూడో ఏట కొనేవాడు ఆయన కష్టం మీద సుఖపడతాడు.

మన దగ్గర ఆ లెక్క కుదరదు. ఇక్కడ పెద్ద కారవాన్ అంటే దాదాపు ప్రతిదీ ఒక్కటే పీసు. ఎవరో ఒకరు చాసిస్, అంటే ఇంజిన్, చక్రాలున్న అడుగు చట్రం కొని, బాడీ బిల్డర్ దగ్గర తన ఇష్టప్రకారం కట్టించుకున్నది. అలాంటిది ఊళ్లో రెండోది ఉండదు. కాబట్టి దానికి మార్కెట్ రేటంటూ లేదు, అమ్మేవాడి అవసరం, కొనేవాడి మోజు, అంతే. గోల్కొండ కాలంలో బిడారులు దిగిన కార్వాన్ పేట ఉన్న ఊళ్లో ఈ బేరం ఇంకా ఇంత గుడ్డిగా సాగుతుండటం విచిత్రమే. మనవాళ్లకు బాగా గుర్తున్న చక్రాల ఇల్లు, ఎన్టీఆర్ చైతన్య రథం కూడా పాత షెవ్రొలే వ్యాన్‌ను మార్చి చేసిందే. కాబట్టి పాతది కొనడం నామోషీ ఏమీ కాదు. దేనికి డబ్బు ఇస్తున్నామో తెలియకపోవడమే గొడవ.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పెద్ద కారవాన్ అయితే పాత బండే కొనండి. కానీ అందులోని ఇంటికి సున్నా వెల కట్టండి. టీవీ, సోఫా, నీలం లైట్లు, అద్దాల వార్డ్‌రోబ్, అన్నింటికీ కలిపి సున్నా. చాసిస్, ఇంజిన్, బాడీ, కాగితాలు, వీటికే డబ్బు.

ఎందుకంటే ఇల్లు పాడయ్యేది కంటికి కనిపించని చోట. ఆ రోజు మెకానిక్ వేలి కణుపులతో గోడంతా తట్టుకుంటూ వచ్చాడు. టక్ టక్ అంటున్నది ఒక మూల దగ్గర డబ్ అంది. పరుపు ఎత్తి, అడుగు ప్లైవుడ్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చాడు. చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లోకి దిగినట్టు దిగింది. "పైన ఏసీ కోసం కోసిన కాడ సీలెంట్ పోయింది సార్. నాలుగు వానాకాలాల నీళ్లు తాగింది ఇది" అన్నాడు. అమ్మే మనిషి వెంటనే టీవీ ఆన్ చేసి సౌండ్ పెంచాడు. పాపం, ఆయన కష్టం ఆయనది.

టైర్ల సంగతీ అంతే. గుండీలు, అంటే రోడ్డును పట్టుకునే రబ్బరు గళ్లు, కొత్తవాటిలాగే ఉన్నాయి, ఎందుకంటే తిరిగింది తక్కువ. పక్కన అచ్చు వేసిన నాలుగంకెలు చూస్తే 2318. అంటే 2018లో 23వ వారం తయారీ. ఎండలో ఏళ్ల తరబడి ఒకే చోట బరువు మోస్తూ నిలబడ్డ రబ్బరు గుండీ అరగకుండానే లోపల చచ్చిపోతుంది. గుండీ ఎంతున్నా సరే, ఆరేడేళ్లు దాటిన టైరుతో శ్రీశైలం ఘాట్ దిగడం నా వల్ల కాదు. ఆరు టైర్ల ఖర్చు బేరంలోంచే తగ్గించాలి.

బరువు కూడా చూసుకోవాలి, ఇది చాలామంది మరిచిపోయేది. మనవాళ్లకు వంటగట్టు అంటే గ్రానైటే. కారవాన్‌లోనూ గ్రానైట్ పలక పరిచినవాళ్లను చూశాను. దానికి తోడు 300 లీటర్ల నీళ్లంటే 300 కిలోలు. జనరేటర్, బ్యాటరీలు, రెండు ఏసీలు, మంచాలు. బండిని వేబ్రిడ్జి ఎక్కించి, ముందు చక్రాలు విడిగా, వెనక చక్రాలు విడిగా కాటా వేయించి, ఆర్‌సీలో రాసిన స్థూల బరువుతో, అంటే లోపలి సామానుతో కలిపి ఉండదగ్గ గరిష్ఠ బరువుతో, పోల్చి చూడండి. ఖర్చయ్యేది వందల్లోనే. దానికి ఒప్పుకోని ఓనరు దగ్గర కూర్చుని చాయ్ కూడా తాగక్కర్లేదు.

ఇక కాగితాలు. అసలు బేరం ఇక్కడే తెగుతుంది. మేడ్చల్ రోడ్డులో ఇంకో బండి చూశాం. చూడటానికి దీనికన్నా బాగుంది, ధర కూడా తక్కువ. ఆర్‌సీ అడిగితే అందులో ఇంకా 'బస్సు' అనే ఉంది, సీట్లు ముప్పై ఐదు. లోపల చూస్తే ఉన్నవి రెండు మంచాలు, ఒక స్టవ్వు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని అనుమతి లేకుండా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయంలో గట్టిగా చెప్పింది. రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు. కానీ స్టవ్వు దగ్గర మంట లేచి బండి కాలిపోతే, బీమా సర్వేయరు ముందుగా తెరిచి చూసేది ఆ ఆర్‌సీనే. అలాంటి బండి సగం ధరకు వచ్చినా ఖరీదైనదే.

కారవాన్‌లకు మన దేశంలో విడిగా ప్రమాణం ఉంది, ఏఐఎస్-124. కొత్తగా కట్టించుకునేవాళ్లు బిల్డర్‌ను మొదట అడగాల్సింది సోఫా రంగు గురించి కాదు, ఈ ప్రమాణం కింద ఆమోదం ఉందా, చాసిస్ కంపెనీతో పాటు తానూ ఫారం 22-ఏ మీద, అంటే బండి నిబంధనల ప్రకారమే ఉందనే ధ్రువపత్రం మీద, సంతకం పెడతాడా అని. "అదంతా మేం చూసుకుంటాం సార్" అనే జవాబు వస్తే, చూసుకోడని అర్థం.

ఆటోనగర్ బండి ఈ పరీక్ష పాసైంది. మొదటి రోజు నుంచీ ఆర్‌సీలో కారవాన్ అనే ఉంది. కాకపోతే కర్ణాటక నంబరు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం, తెచ్చుకోవాలి, పన్నెండు నెలల్లోపు ఇక్కడ రిజిస్టర్ చేయించుకోవాలి, బండి వయసు లెక్కన ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. లోన్ తీరినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది, దాన్ని తీయించడానికి ఫారం 35. డీలరు అమ్మితే 2025 జనవరి నుంచి ఆయన మార్జిన్ (కొన్న ధరకూ అమ్మిన ధరకూ తేడా) మీద 18 శాతం జీఎస్టీ, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేని మామూలు ఓనరు నుంచి నేరుగా కొంటే అది లేదు. ఈ తేడా బేరంలో పనికొస్తుంది.

కొత్తదాని వైపు వాదన లేదని కాదు. చార్ధామ్ దాకా వెళ్లాలనుకునేవాళ్లకు బీఎస్-6, అంటే కొత్త కాలుష్య ప్రమాణాల ఇంజినే మేలు, పాత డీజిల్ బండ్ల మీద ఢిల్లీలో ఆంక్షలు ఎప్పుడు ఎలా మారతాయో ఆ దేవుడికే ఎరుక. అయితే బీఎస్-6 డీజిల్‌కూ ఒక జబ్బుంది. పొగ గొట్టంలోని ఫిల్టర్ శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద వేడెక్కేలా పరుగెత్తాలి. నెలకోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచి ఆపేస్తే అది పూడుకుపోతుంది. రిటైరైనవాళ్ల కారవాన్‌లు సరిగ్గా అలాగే బతుకుతాయి. కొన్న మొదటి ఏడాది ఆరు ట్రిప్పులు, రెండో ఏడాది రెండు, తర్వాత మనవడి పుట్టినరోజు ఫొటోలకు.

అందుకే విలువ పడిపోవడం అనేది కొత్తదాని విషయంలో పెద్ద దెబ్బ. బీమా లెక్కల్లోని తరుగుదల పట్టికే తీసుకోండి. ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, నాలుగేళ్లు దాటితే 50. అరవై లక్షలు పెట్టి కట్టించారనుకుందాం. ఐదో ఏట కాగితం మీద అది ముప్పై లక్షలు. ఇల్లు కదా, రేటు పెరుగుతుందిలే అనే అలవాటు కొంపల్లిలో ఫ్లాట్ కొన్నవాళ్లకు ఉంటుంది. ఇది చక్రాలున్న ఇల్లు, దీని కింద స్థలం లేదు.

కొత్తదైనా పాతదైనా మారని ఖర్చులు కొన్ని. బస్సు చాసిస్ మీద కట్టిన బండికి టోల్ కూడా బస్సు లెక్కనే. జాతీయ రహదారుల ఫీజు నిబంధనల్లో మూల ధర కారుకు కిలోమీటరుకు 65 పైసలైతే బస్సుకు 2.20 రూపాయలు, మూడు రెట్లకు పైనే. బరువు 7,500 కిలోలు దాటితే మీ కారు లైసెన్సు పనికిరాదు, హెవీ లైసెన్సున్న డ్రైవర్ కావాలి. అప్పుడు దంపతుల ఏకాంత యాత్రలో మూడో మనిషి వచ్చి చేరతాడు, ఆయనకు పడక ఎక్కడో ముందే ఆలోచించాలి. అమ్రాబాద్ అడవి మీదుగా శ్రీశైలం వెళ్లే దారి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు కాబట్టి, రాత్రంతా నడిపి తెల్లారేసరికి గుడి ముందు ఉందామనే ప్లాన్ కుదరదు. కేరళ 2021లో కారవాన్ టూరిజానికి విధానం తెచ్చింది. మన వైపు ప్లగ్ పెట్టుకుని, ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు కోసం ఇంకా హోటల్ మేనేజర్లను బతిమాలుకోవడమే.

చివరికి ఆటోనగర్ బండికి నేను నా లెక్క చెప్పాను. చాసిస్‌కు ఇంత, బాడీకి ఇంత, టైర్లకు మైనస్, ఇంటికి సున్నా. "టీవీ కూడా సున్నానా సార్?" అన్నాడాయన, నిజంగా నొచ్చుకుని. టీవీ మీరే తీసుకెళ్లండి అన్నాను. ఎన్‌ఓసీ చేతికొచ్చాక ఫోన్ చేస్తానన్నాడు. ఇంటికొచ్చేసరికి మా ఆవిడ టేపు పట్టుకుని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలబడి ఉంది. దూలం కింద ఎనిమిది అడుగులు. బండి ఎత్తు పదిన్నర.