మునిగిన దీవికి కాపలా ఎవరు?

దేశభద్రతంటే మన బరంపురం తెలుగువాళ్లకి బొత్తిగా పట్టడం లేదు. ఆవకాయకి మంచి కాయ దొరకలేదని గంటసేపు వాదించుకుంటారు గానీ, మన గోపాలపూర్‌ని తడిపే ఈ బంగాళాఖాతంలోనే ఇంకాస్త ఉత్తరాన మనకో దీవి ఉండేదని, దాని కోసం ఢిల్లీ, ఢాకా ఏళ్ల తరబడి కీచులాడుకున్నాయని ఒక్కరూ ఎత్తరు.

1970 భోలా తుఫాను తర్వాత భారత్-బంగ్లాదేశ్ సరిహద్దులోని హరియాభంగా నది సముద్రంలో కలిసేచోట మేట వేసిన ఇసుక అది. మనం న్యూ మూర్ అన్నాం, బంగ్లాదేశ్ వాళ్లు దక్షిణ తల్పట్టి అన్నారు. కాపురముండే మనిషి లేడు, తాగడానికి నీళ్లు లేవు, ఎత్తు చూస్తే మహా అయితే రెండు మీటర్లు. అయితేనేం, 1981లో మన నౌకాదళం వెళ్లి జెండా పాతింది, బీఎస్ఎఫ్ జవాన్లు కొన్నాళ్లు మకాం వేశారు.

పాపం, ఆ డ్యూటీ ఎలాంటిదో ఆలోచించండి. శత్రువు పడవలో వస్తే తుపాకీ చూపించొచ్చు, మరి పోటు వస్తే ఎవరికి చూపించాలి? బూట్లు తడిసిన ప్రతిసారీ చొరబాటు కింద రిపోర్టు రాయాలా, రాస్తే నిందితుడి పేరు దగ్గర చంద్రుడని పెట్టాలా (అసలు కారకుడు ఆయనే కదా), పెడితే పైఅధికారి సంతకం చేస్తాడా? ఒకటే టెన్షన్.

2010 నాటికి దీవి పూర్తిగా మునిగిపోయిందని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ప్రకటించారు. 2014లో హేగ్‌లోని ట్రిబ్యునల్ సముద్రంలో గీత గీసి, తగాదాలో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కి ఇచ్చేసింది. దీవి మునిగిన చోటు మాత్రం మనకే దక్కింది. గెలిచాం! ఇక జవాన్లకి ఈత నేర్పడమొకటే తరువాయి.

దీనికి కొరాపుట్ జిల్లాలో మందుంది. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దు కొటియా గ్రామాల కోసం ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టు మెట్లెక్కింది, 2006లో ఆ దావా తేలకుండానే పోయింది, 2021లో ఆంధ్ర అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా కోర్టు ధిక్కారమంటూ మళ్లీ వెళ్లింది. ఇంత గొడవలోనూ రెండు ప్రభుత్వాలూ తుపాకుల కంటే రేషన్ కార్డులనీ పింఛన్లనీ ఎక్కువ నమ్ముకున్నాయి. అటు కార్డూ, ఇటు కార్డూ పెట్టుకున్నవాళ్లు ఎవరినీ కాదనరు.

కాబట్టి న్యూ మూర్ దగ్గర తిరిగే ఇలస చేపలకి వెంటనే మన కార్డులు పంచాలని నా మనవి. వేలిముద్ర పడక ఈకేవైసీ ఆగిపోతుందని డీలర్లు సాకు చెబుతారు, ఒప్పుకోవద్దు. మా పెద్దవాళ్లకీ పడటం లేదు, అయినా నెలనెలా లైన్లో నిలబడుతూనే ఉన్నారు.