సింకులో అరవై నంబరు

దారిలో పడున్న రాయిని చూసి దాని భవిష్యత్తు గురించి ఆలోచించే మనుషులు కొందరుంటారు. మా ఆయన ఆ బాపతే, రాళ్లకు పాలిష్ పట్టడం ఆయన సరదా. నడుస్తూ నడుస్తూ ఠక్కున వంగుతారు. పర్సేదో పడిపోయిందనుకుని వెనక వచ్చేవాళ్లు కూడా ఆగి వెతకడం మొదలుపెడతారు. ఆయన మాత్రం రాయిని ఇటూ అటూ తిప్పి, ఎవరూ చూడట్లేదని నమ్మకం కుదిరాక నాలుకతో ఒకసారి తడి చేస్తారు. తడిసినప్పుడు ఎలా కనిపిస్తుందో, పాలిష్ పట్టాక దాదాపు అలాగే మెరుస్తుందట. నీళ్ల సీసా పక్కనే నా చేతిలో ఉంటుంది. అడగరు.

రెండో పరీక్ష వంటగదిలో. 1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఆయన ఖనిజాల గట్టిదనానికి ఒకటి నుంచి పది దాకా మార్కులు వేశాడు. వజ్రానికి పది, క్వార్ట్జ్‌కి ఏడు, కాల్సైట్‌కి మూడు. మామూలు చాకు ఐదున్నర దగ్గర ఉంటుంది. కాబట్టి నా కూరగాయల కత్తితో రాయిని గీసి చూస్తారు. గీత పడితే ఆ రాయి పనికిరాదు. పడకపోతే నా కత్తి పనికిరాదు.

నెగ్గిన రాళ్లన్నీ మిషనులోకి వెళ్తాయి. మిషనంటే పెద్దదేమీ కాదు, ఒక రబ్బరు డబ్బా, దాన్ని నిదానంగా దొర్లించే మోటారు. డబ్బాలో మూడొంతులు రాళ్లు, వాటిని కాస్త ముంచీ ముంచనట్టు నీళ్లు, రెండు మూడు చెంచాల గరుకు పొడి. ఆ పొడి సిలికాన్ కార్బైడ్. 1891లో ఎడ్వర్డ్ ఆచిసన్ అనే అమెరికన్ కృత్రిమ వజ్రాలు చేద్దామని బంకమట్టినీ బొగ్గునీ కలిపి కరెంటు కొలిమిలో కాలిస్తే ఇది తయారైంది. వజ్రాలొస్తాయని ఎదురుచూసిన వాళ్లావిడ ఏమనుకుందో పాపం.

ముందు గరుకు పొడి, తర్వాత దానికంటే సన్నది, ఆపైన ఇంకా సన్నది, ఆఖర్న పాలిష్ పొడి. గరుకుదనాన్ని బట్టి ఒక్కో పొడికీ ఒక నంబరు. ఒక్కో దశ వారం. మొదటిది ఆయనకు నచ్చేదాకా సాగుతుంది, ఆయనకు ఒక పట్టాన నచ్చదు. ఆ వారమంతా మిషను ఆగదు, రాత్రి పగలు తిరుగుతూనే ఉంటుంది. పక్కింటావిడ మొహమాటపడుతూ అడిగింది, "మీరు రాత్రిళ్లు కూడా పిండి రుబ్బుతారా అండీ?" అని. అవునన్నాను. నిజం చెబితే ఇంకో అరగంట పడుతుంది.

ఈ చప్పుడుకు కూడా ఒక శాస్త్రం ఉంది. డబ్బా సరిగ్గా నిండితే రాళ్లు ఒకదాని మీద ఒకటి జారుతూ సర్రు సర్రుమంటాయి. తక్కువైతే ఎత్తు నుంచి పడి ధబధబమని కొట్టుకుంటాయి, అంచులు పెట్లిపోతాయి. అర్ధరాత్రి నిద్రలోంచి లేచి కూర్చుని "రెండు రాళ్లు తక్కువయ్యాయి" అనే మనిషిని నేను రోజూ చూస్తున్నాను. నేను జ్వరంతో మూలిగినప్పుడు మాత్రం ఆ చెవులు పని చేసిన గుర్తు లేదు.

దశ మారేటప్పుడు రాళ్లను శుభ్రంగా కడగాలి. గరుకు పొడి ఒక్క రేణువు ఏ పగుల్లోనో దాక్కుని పాలిష్ దాకా వెళ్లిందంటే రాళ్లన్నిటి మీదా గీతలే. అందుకని పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో రాయినీ తోముతారు. మా ఇంట్లో బ్రష్‌లకు రిటైర్మెంట్ లేదు, బదిలీ మాత్రమే.

ఆ కడిగిన బురద సింకులో పోయకూడదు. మెత్తగా అరిగిన రాతిపొడి పైపు వంపులో పేరుకుని సిమెంటులా గట్టిపడుతుంది. బకెట్లో పోసి, అడుగుకు చేరాక పైన నీళ్లు ఒంపేసి, మిగిలిన ముద్దను చెత్తలో వేయాలి. ఇది నాకు చెప్పిందీ, మా వాళ్లకు ఫోన్ చేసి మరీ చెప్పిందీ మా ఆయనే. మరి ఆ సాయంత్రం ఏమైందంటే, బయట వాన. బకెట్టు పెరట్లో. "బురద కాదులే, పైపైన తొలిపిన నీళ్లేగా" అని ఆయనే తీర్పు ఇచ్చుకుని వంటగదిలో కుళాయి తిప్పారు. తొలిపిన నీళ్లు, ఆ తర్వాత మళ్లీ తొలిపిన నీళ్లు. తెల్లారేసరికి సింకు నిండా అంట్లు, అంట్ల మీద బూడిదరంగు నీళ్లు.

ప్లంబర్ వచ్చాడు. అన్నం మెతుకులు, టీ పొడి, ఏదైనా కావచ్చు కదా, నేనేమీ చెప్పలేదు. సింకు కింద దూరి, వంపు పైపు విప్పాడు. లోపలి నుంచి బూడిదరంగు ముద్ద థప్పుమని పడింది. అతను దాన్ని కాసేపు చూశాడు. చిటికెడు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. మొహంలో ఏదో వెలుగు.

"అమ్మా, సార్ ఉన్నారా?"

తలుపు చాటున ఉన్న సార్ వచ్చారు.

"అరవై తొంభయ్యా సార్?"

మా ఆయన నోట మాట రాలేదు. దశాబ్దాల కాపురంలో నేను కనిపెట్టలేని పొడి నంబరు, పరాయి మనిషి వేలి కొసలతో చెప్పేశాడు.

"మీరూ తిప్పుతారా?"

"నాలుగేళ్ల నుంచి సార్. మా ఇంట్లోనూ ఇలాగే మూసుకుపోయింది. మా ఆవిడ మిషను తీసుకెళ్లి బాత్రూమ్‌లో పెట్టింది, నన్నూ అక్కడే ఉండమంది."

అంతే. పైపు అక్కడ, మనుషులు వరండాలో. గ్రానైట్ వేశారా అని అతను అడిగాడు. వేస్తే మెత్తటి అభ్రకం అరిగిపోయి గట్టి క్వార్ట్జ్ మిగిలి గుంటలు పడ్డాయని ఈయన చెప్పుకుని బాధపడ్డారు. నాకూ అంతే సార్ అని అతనూ బాధపడ్డాడు. జేబులోంచి జాస్పర్ అనే ఎర్రటి రాయి ముక్క తీశాడు. పని చేసే మనిషి జేబులో స్పానరు ఉండాలి గానీ జాస్పర్ ఏమిటి? మా ఆయన దాన్ని దీపానికి ఎదురుగా తిప్పి చూసిన తీరులో నాలుగోవంతు శ్రద్ధతో నా కొత్త చీర చూసి ఉంటే ఆ రోజు ఇంట్లో గొడవే జరిగేది కాదు. ఇద్దరి రాళ్లూ ఒకే గట్టిదనం కాబట్టి కలిపి తిప్పుకోవచ్చని, అప్పుడు డబ్బా సరిగ్గా నిండుతుందని ఒప్పందం కూడా అయింది. టీ అడిగారు. రెండుసార్లు.

రెండో టీ తాగాక అంట్లు తోముకుందామని వంటగదిలోకి వెళ్లాను. అంతసేపు అయింది కదా, పని అయిపోయే ఉంటుందనుకుని కుళాయి తిప్పాను. నీళ్లు సింకులోంచి నేరుగా నా పాదాల మీద పడ్డాయి. వంపు పైపు ఇంకా నేల మీదే పడుంది.

నేను పెట్టిన కేకకు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు. గుడ్డ తీసుకుని వంగబోతుంటే మా ఆయన కంగారుగా చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు ఆగు, తుడవకు! అందులో పొడి ఉంది, టైల్స్ గీతలు పడతాయి."

"అవునమ్మా," అన్నాడు ప్లంబర్, "సార్ చెప్పింది నిజం. అరవై నంబరు చాలా గరుకు."