పడకలతో పాటు మనుషుల లెక్క కూడా వేయండి

కొత్త వార్డు కట్టి పడకలు పెంచితే కాలిన గాయాల రోగుల కష్టం తీరుతుందని మీ వ్యాసంలో రాశారు. చిత్తూరు జిల్లాలో సర్జికల్ వార్డు నర్సుగా చేసినదాన్ని, అందుకే చెప్తున్నానండి, పడక అందులో చిన్న భాగం.

60 కిలోల మనిషికి ఒళ్లు 40 శాతం కాలిందనుకోండి. బరువు, కాలిన శాతం బట్టి ఎంత ద్రవం ఎక్కించాలో చెప్పే పార్క్‌ల్యాండ్ లెక్కన మొదటి 24 గంటల్లో దాదాపు 9.6 లీటర్ల రింగర్ లాక్టేట్ (సెలైన్ లాంటి లవణాల ద్రవం) ఎక్కించాలి. అందులో సగం, కాలినప్పటి నుంచి 8 గంటల్లోపే వెళ్లాలి. గంటగంటకూ మూత్రం కొలిచి డ్రిప్ వేగం మార్చాలి. రాత్రి వార్డంతటికీ ఒక్కరే సిస్టర్ ఉంటే ఎలా కుదురుతుంది? కుప్పం నుంచి తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రికి తెచ్చేసరికే ఆ 8 గంటల్లో సగం దారిలోనే పోతాయి, కుప్పంలోనే డ్రిప్ మొదలుపెట్టి పంపకపోతే ఇంకా కష్టం.

ఇక డ్రెస్సింగ్. పాత గాజుగుడ్డ పుండుకు అతుక్కుపోయి ఉంటుంది. సెలైన్ పోసి నానబెట్టి, కొంచెం కొంచెంగా ఊడదీయాలి. ఇద్దరం కూర్చున్నా గంట దాటుతుంది. పెద్ద గాయాలైతే మత్తు డాక్టరు, థియేటర్ కూడా కావాలి.

వ్యాసంలో అసలు రానిది నెక్రోటైజింగ్ ఫేషియైటిస్, కాలిన గాయం కాకపోయినా ఇంతే శ్రమ పడాల్సిన ఇన్ఫెక్షన్. చర్మం కింద కణజాలం గంటల్లో కుళ్లిపోతుంది, షుగర్ ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. ఒకసారి కోసి శుభ్రం చేస్తే అయిపోదు, ఒకటి రెండు రోజులకే మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లాలి. ఆ తర్వాత ఐసీయూ, స్కిన్ గ్రాఫ్ట్ (వేరేచోటి చర్మం తీసి అతికించడం), ఫిజియో, వారాల తరబడి మంచి తిండి.

కొత్త వార్డు ప్రతిపాదనలో షిఫ్టుకి ఎంతమంది నర్సులో, రాత్రిపూట మత్తు డాక్టరు ఉంటారో లేదో కూడా రాయించండి.