చలనం పాఠం జరుగుతోంది, ఎవరూ కదలవద్దు

మన బడుల్లో చలనం, వడి, బలం పాఠాలు చెప్పే తీరు మీద ఈ మధ్య కొందరు పనిగట్టుకుని విమర్శలు చేస్తున్నారు. ప్రయోగాలు చేయించడం లేదట, సూత్రాలు బట్టీ పట్టిస్తున్నారట, ఎనిమిదో తరగతి పిల్లవాడు ఘర్షణకు నిర్వచనం గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు గానీ వానాకాలంలో చెప్పులు ఎందుకు జారుతున్నాయో చెప్పలేడట. ఇలా మాట్లాడేవారికి చదువంటే ఏమిటో తెలియదు, పరీక్షంటే ఏమిటో అసలే తెలియదు. కదలిక గురించిన పాఠాన్ని ఏ కదలికా లేకుండా పూర్తి చేయడం సామాన్యమైన విద్య కాదు. తరతరాల ఉపాధ్యాయుల, తనిఖీ అధికారుల, గైడ్లు అచ్చువేసేవారి ఉమ్మడి కృషితో మనకు అబ్బిన ఆ విద్యను వెనకేసుకురావలసిన భారం ఎవరో ఒకరు నెత్తిన వేసుకోవాలి గనక నేను వేసుకుంటున్నాను.

మా బావమరిది ఒక ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్స్ మాస్టారు. ఆయన ఎనిమిదో తరగతికి పాఠం చెబుతుండగా చివరి బెంచీ పక్కన కుర్చీ వేసుకుని వినే అవకాశం నాకు ఒకసారి దొరికింది. గదిలో అడుగు పెడుతూనే ఆయన పలికిన మొదటి వాక్యం, "చేతులు కట్టుకోండి, ఎవడు కదిలినా ఊరుకోను." ఆ తర్వాత బోర్డు మీద 'చలనం' అని రాసి, దాని కింద స్కేలు పెట్టి గీత కొట్టారు. కాలంతో పాటు స్థానం మార్చుకునే వస్తువు చలనంలో ఉన్నట్టు అని నలభై మంది పిల్లలు కొయ్యబొమ్మల్లా కూర్చుని రాసుకున్నారు. భ్రమణ చలనానికి ఉదాహరణ అడిగితే అందరూ ఒకే గొంతుతో "తిరుగుతున్న ఫ్యాను సార్" అన్నారు. కరెంటు పోవడం వల్ల నెత్తి మీద ఫ్యాను అప్పటికి అరగంటగా తిరగడం లేదు, అయినా ఒక్కరూ తలెత్తి చూడలేదు. డోలన చలనం దగ్గరికి వచ్చేసరికి నా పక్కనున్న కుర్రవాడు బెంచీ కింద కాలు ఊపుతూ దొరికిపోయాడు. "కాలు ఆపరా, పాఠం మీద ధ్యాస లేదా?" అని మాస్టారు గద్దించారు. కాలు ఆగింది, ఉదాహరణగా ఊయల అని నోట్సులోకి ఎక్కింది.

ఈ శాస్త్రంలో పిల్లలు దాటవలసిన మొదటి గడప వడికీ వేగానికీ ఉన్న తేడా. ఇంట్లో అమ్మ "వేగంగా రారా" అంటుంది, రోడ్డు పక్క 'అతివేగం ప్రమాదకరం' అని బోర్డు ఉంటుంది, కాబట్టి వేగమంటే తనకు తెలుసని పిల్లవాడు భ్రమపడతాడు. ఆ భ్రమను మొదటి పీరియడ్‌లోనే వదలగొడతాం. ప్రమాణ కాలంలో వస్తువు ప్రయాణించిన దూరం వడి, ఏ దిశలో కదిలిందో కూడా కలిపి చెబితే వేగం. ఈ లెక్కన ఏ దిక్కుగా రావాలో చెప్పకుండా వేగంగా రమ్మన్న తల్లి శాస్త్రవిరుద్ధంగా మాట్లాడినట్టే. దూరానికీ, బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటికి ఉన్న సూటి దూరమైన స్థానభ్రంశానికీ కూడా ఇదే వరస. గుడి చుట్టూ 108 ప్రదక్షిణలు పూర్తిచేసి బయలుదేరిన చోటనే నిలబడిన మా అత్తగారి స్థానభ్రంశం సున్నా, వేగాన్ని లెక్కకట్టేది స్థానభ్రంశంతోనే కాబట్టి సగటు వేగమూ సున్నాయే. ఈ సంగతి ఆవిడకు చెప్పే ధైర్యం నాకు లేదు, కన్నకొడుకు గనక బావమరిది చెప్పవచ్చు, ఆయనా చెప్పలేదు. ఇప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో, ఎదురెదురు పుటలుగా వస్తున్నాయి గనక ఈ తేడాను పిల్లలు ఒకే పీరియడ్‌లో రెండు భాషల్లోనూ మరచిపోగలుగుతున్నారు.

లెక్కల విషయంలో మన వారు చూపిన కరుణ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. గంటకు కిలోమీటర్లను సెకనుకు మీటర్లలోకి మార్చాలంటే 5/18తో గుణించాలి. పిల్లలు కష్టపడకూడదని పాఠాల లోకంలో వాహనాలన్నీ 18 ఎక్కంలోనే నడుస్తాయి. సైకిలు 18, ఆటో 36, కారు 54, రైలు 72, కాస్త తొందరలో ఉన్న రైలు 90. ఆ లోకంలో ఏ బండీ 40తో పోదు. మా బావమరిది బడి ముందున్న రోడ్డు మీద మాత్రం 40 అనే బోర్డు ఉంది. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్ల పైచిలుకు. రోడ్డు దాటుతున్న పిల్లను చూసి, చూసింది మెదడుకెక్కి, బ్రేకు మీద కాలు పడడానికి డ్రైవరుకు ఒక్క సెకను పట్టినా ఆలోపే బండి 11 మీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది, ఆగడం ఆ తర్వాతి మాట. వడి రెట్టింపైతే బ్రేకు పడ్డాక బండి ఆగడానికి పట్టే దూరం ఇంచుమించు నాలుగింతలవుతుంది. రోజుకు రెండుసార్లు ఆ రోడ్డు దాటే పిల్లలకు ఈ లెక్క ఇవ్వవచ్చు కదా అని నేను అడిగితే బావమరిది ఓపికగా వివరించారు. "దశాంశాలు వస్తాయి బావగారూ. దశాంశం వస్తే తప్పు చేశామనుకుని జవాబు కొట్టేస్తారు."

అదే పీరియడ్‌లో సగటు వడి లెక్క కూడా నడిచింది. ఒక విద్యార్థి ఇంటి నుంచి బడికి గంటకు 10 కిలోమీటర్ల వడితో వచ్చి, అదే దారిలో 15 కిలోమీటర్ల వడితో తిరిగి వెళితే సగటు వడి ఎంత? పదీ పదిహేనూ కలిపి రెండుతో భాగించి 12.5 అని బోర్డు మీద పడింది, నలభై నోట్సుల్లోకీ దిగింది. మూడో బెంచీలో ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మా ఊరు ఇక్కడికి 5 కిలోమీటర్లు. 10 వడితో వస్తే అరగంట, 15తో పోతే 20 నిమిషాలు. మొత్తం 10 కిలోమీటర్లకు 50 నిమిషాలు సార్. గంటకు 12 వస్తుంది."

"లెక్కలో దూరం ఇవ్వలేదు కదమ్మా. మధ్యలో మీ ఊరు ఎందుకు వచ్చింది?"

"దూరం ఎంతున్నా 12 వస్తుంది సార్."

"కూర్చో."

కదులుతున్న వస్తువు దాని మీద బాహ్య బలం పనిచేసే వరకు అలాగే కదులుతూ ఉంటుందని న్యూటన్ 1687లో ప్రకటించిన నియమానికి ఇంత చక్కని నిదర్శనం నేను ఇంకెక్కడా చూడలేదు. ఒక్క మాటతో ఆ అమ్మాయి విరామ స్థితికి వచ్చింది. ఇంటికి వెళ్లి కాగితం మీద వేసి చూస్తే నాకూ 12 వచ్చింది, కానీ నాకు పరీక్ష లేదు గనక దాని వల్ల నష్టమేమీ లేదు.

ప్రయోగాలు లేవన్న నింద కూడా అన్యాయమే. ప్రయోగాలకు బడిలో ఒక బీరువా ఉంది. ఇనుప బీరువా, పచ్చరంగు, తలుపు మీద సుద్దతో 'సైన్సు' అని ఉంటుంది. అందులో ఒక స్ప్రింగు త్రాసు, వాలుతలం బల్ల, కప్పీలు రెండు, క్యారం కాయిన్ల డబ్బా ఒకటి ఉన్నట్టు స్టాకు రిజిస్టరు చెబుతోంది. కాయిన్లను ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చి అడుగుదాన్ని స్ట్రైకరుతో కొడితే అదొక్కటే ఎగిరిపోయి మిగిలిన దొంతర ఉన్నచోటనే కిందికి దిగుతుంది, ఉన్న స్థితిలోనే ఉండిపోయే గుణానికి, అంటే జడత్వానికి, ఇంతకన్నా ముచ్చటైన ప్రయోగం లేదు. కానీ కాయిన్లు బయటికి వస్తే పిల్లలు ఆడతారు. ఆడితే ఒకటి పోతుంది. పోతే బదిలీ అయ్యేటప్పుడు చార్జి అప్పగించడం కుదరదు. అందువల్ల వస్తువుల క్షేమం కోరి తాళం వేశారు, తాళంచెవి క్షేమం కోరి దానినీ ఎక్కడో భద్రపరిచారు. రికార్డు పుస్తకాల్లో స్ప్రింగు త్రాసు రీడింగులు నలభై మందికీ ఒకటే వచ్చాయంటే కొలతలో మన పిల్లలకు ఎంత కచ్చితత్వం ఉందో గ్రహించవచ్చు.

ఖర్చులేని ప్రయోగాలు ఉన్నాయి కదా అంటారు విమర్శకులు. నోట్‌బుక్కునూ విడి కాగితాన్నీ పక్కపక్కన వదిలితే కాగితం తూలుతూ ఆలస్యంగా పడుతుంది, అదే కాగితాన్ని పుస్తకం మీద పెట్టి వదిలితే రెండూ కలిసే పడతాయి, కాగితాన్ని ఆలస్యం చేసింది దాని బరువు కాదు గాలి అని పిల్లలకు అర్థమవుతుంది. గాలి లేని చోట సుత్తీ ఈకా కూడా కలిసే పడతాయని అపోలో 15లో వెళ్లిన డేవిడ్ స్కాట్ 1971లో చంద్రుడి మీద నిలబడి చూపించాడు. నిజమే. కానీ ఖర్చులేని ప్రయోగానికి బిల్లు ఉండదు, బిల్లు లేనిదానికి రిజిస్టరు ఉండదు, రిజిస్టరులో లేనిది జరిగినట్టు కాదు. గెలీలియో సంగతి ఎత్తుతారు కొందరు. స్టాప్‌వాచీ లేని కాలంలో వాలుతలం మీద గుండును దొర్లించి, అది దిగేలోపు పాత్రలోంచి కారిన నీటిని తూచి కాలాన్ని కొలిచానని ఆయన 1638లో అచ్చయిన పుస్తకంలో రాసుకున్నాడు. పాపం, ఆయనకు గైడు దొరకలేదు. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఫోనులో స్టాప్‌వాచీ ఉంది, అందుకే బడికి ఫోను తేకూడదు.

న్యూటన్ మూడో నియమానికి మాత్రం ఒకప్పుడు ప్రతిరోజూ ప్రయోగం జరిగేదని ఒప్పుకోవాలి. బెత్తం అరచేతి మీద ఎంత బలం ప్రయోగిస్తే అరచేయి బెత్తం మీద అంతే బలాన్ని వ్యతిరేక దిశలో ప్రయోగిస్తుందని మా తరం వారికి ఎవరూ విడిగా చెప్పనక్కరలేకపోయింది. సమానమైన బలాలే అయినా నొప్పి ఒకవైపే ఎందుకు ఉంటుందన్న సందేహం అప్పుడూ తీరలేదు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ శారీరక దండనను నిషేధించడంతో ఉన్న ఆ ఒక్క ప్రయోగమూ సిలబస్ నుంచి తొలగిపోయింది.

ఇక అసలు విషయం. పైకి విసిరిన బంతి పైకి పోతున్నంతసేపూ దాని మీద పైకి తోసే బలం ఉంటుందా? ఉంటుందనే పిల్లలు అంటారు, బజారులో పెద్దవాళ్లూ అంటారు. చేయి వదిలాక బంతి మీద పనిచేసేవి కిందికి లాగే భూమ్యాకర్షణా కాస్త గాలి అడ్డూ మాత్రమే. కదలాలంటే ఎవరో ఒకరు తోస్తూనే ఉండాలన్నది అరిస్టాటిల్ నాటి నమ్మకం, ఎడ్లబండి తోలిన వారెవరికైనా అదే నిజమనిపిస్తుంది. 1980లలో అమెరికాలోని అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇబ్రహీం హలూన్, డేవిడ్ హెస్టెనెస్ అనే ఇద్దరు సూత్రాలతో పనిలేని ఇలాంటి ప్రశ్నలతో ఒక పరీక్ష తయారుచేసి పెడితే, భౌతికశాస్త్రం కోర్సు పూర్తిచేసినవారిలో కూడా చాలామంది అరిస్టాటిల్ పక్షానే మిగిలారు. ఆ పరీక్షనే హార్వర్డ్‌లో ఎరిక్ మజుర్ అనే ఆచార్యుడు తన విద్యార్థులకు ఇచ్చినప్పుడు ఒక అమ్మాయి, ఈ ప్రశ్నలకు మీరు నేర్పినట్టు జవాబు రాయాలా, నేను నిజంగా అనుకునేటట్టు రాయాలా అని అడిగిందట. ఆయన అదిరిపడి తన బోధనా పద్ధతినే మార్చుకున్నాడు.

హార్వర్డ్ వెనకబడిపోయింది ఇక్కడే. ఆ ప్రశ్న మన ఎనిమిదో తరగతి పిల్లలు ఎవరూ అడగరు, ఎందుకంటే జవాబు వారికి ఆరో తరగతిలోనే తెలుసు. పరీక్ష కాగితం మీద ఉండే బలం వేరు, పొలంలో మోటారు స్టార్టు చేసే బలం వేరు. రికార్డులో ఉండే ఘర్షణ వేరు, సైకిలు బ్రేకు కట్టెలు అరిగితే నాన్న తిట్టే ఘర్షణ వేరు. ఈ రెంటి మధ్య గోడను ఇంత పటిష్ఠంగా కట్టి, ఒక్క ఇటుక కదలకుండా కాపాడుకొస్తున్న వ్యవస్థను మార్చాలనడం నాకైతే దుస్సాహసంగా తోస్తోంది.

ఆ మధ్యాహ్నం జరిగిన ఒక చిన్న క్రమశిక్షణ ఉల్లంఘన గురించి కూడా దాచకుండా చెప్పాలి. సైన్సు బీరువా ఉన్న గది ఇంకో తరగతికి కావాలని దానిని వరండా చివరికి చేర్చమన్నారు. తాళంచెవి దొరకలేదు గనక సామాను తీయకుండానే జరపాలి. ఆరుగురు పిల్లలు నడుం వంచి తోశారు, అది అంగుళం కదలలేదు. కాలు ఊపినందుకు తిట్లు తిన్న కుర్రవాడు ముందుకు వచ్చి, "అందరూ ఒక్కసారే తోయండిరా, కదలడమే కష్టం, కదిలిందంటే తర్వాత అంత బలం అక్కర్లేదు" అన్నాడు. అందరూ ఒక్క ఊపున తోస్తే బీరువా కిర్రుమని జానెడు జరిగింది. తర్వాత వాడు గోడవారన పడి ఉన్న పాత బోరు గొట్టాల ముక్కలు మూడు తెచ్చి, ఒక అంచు పైకెత్తించి వాటిని బీరువా కిందికి దూర్చాడు. ఇక ఇద్దరు తోస్తే చాలింది, మిగిలినవాళ్లు వెనక వదిలిన గొట్టాన్ని తీసి పరుగున ముందు పెడుతూ వచ్చారు.

వాడి ఫార్మేటివ్ పరీక్ష పేపరు బావమరిది బల్ల మీద ఉంటే తీసి చూశాను. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణలలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్న రెండు మార్కుల ప్రశ్న ఎదురుగా జాగా ఖాళీగా ఉంది, పక్కన ఎర్రసిరాతో గుండ్రని సున్నా ఉంది. మార్కులు అప్పటికే రిజిస్టరులోకి ఎక్కిపోయాయి గనక నేను కల్పించుకోలేదు. వరండాలో బీరువా మూల మలుపు తిరిగింది, మలుపులో కాస్త ఒరిగింది, ఏళ్ల తరబడి విరామ స్థితిలో ఉన్న స్ప్రింగు త్రాసు కాబోలు, లోపల దేనికో తగిలి ఖంగుమంది.